చిరిగిన మూల

3 ఫిబ్రవరి 1979

కరీం భాయ్ ఫ్రేముల షాపుకి ఈరోజు సీతారామాంజనేయులు గారని ఒక పెద్దమనిషి వచ్చారు. పోర్టులో పైలట్. ముప్ఫయ్యేళ్లు ఓడల్ని రేవులోకి నడిపించి రిటైరయ్యారు. నోటుబుక్కంత పాత ఇంగ్లీషు ప్రింటు ఒకటి తెచ్చారు. 1804లో మన రేవు ముందే ఇంగ్లీషు ఓడలూ ఫ్రెంచి ఓడలూ ఫిరంగులతో కొట్టుకున్న బొమ్మ. దీన్ని ఆరడుగుల కాన్వాసు మీద ఉన్నదున్నట్టు గీసిపెట్టేవాళ్లు ఉన్నారా అని అడిగారట. మా చెల్లెలు హమీదా గీస్తుంది, గర్ల్స్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ అని భాయ్ మాటిచ్చేశాడు. నన్ను అడగనే లేదు.

పద్నాలుగేళ్లుగా మామిడిపండూ పూలకుండీ గీయిస్తున్నాను. ఫిరంగి ఎన్నడూ గీయలేదు. భాయ్ మీద అరిచాను. తర్వాత భూతద్దం తీసుకుని చాలాసేపు ఆ ఓడలే చూస్తూ కూర్చున్నాను.

6 ఫిబ్రవరి

ప్రింటుకి పైన కుడి మూల లేదు. పురుగు తినేసింది. సరిగ్గా ఒడ్డు కనబడాల్సిన చోటు. ఏం చేయమంటారని భాయ్ చేత అడిగిస్తే, అక్కడ ఫిరంగుల పొగ గీసేయండి అన్నారట పైలట్ గారు.

17 ఫిబ్రవరి

కాన్వాసు మీద గళ్ళు గీసి, గడి గడికీ కొలిచి ఓడలు ఎక్కించాను. ఒక్కో తెరచాపకి రెండు సాయంత్రాలు. స్కూల్లో బోర్డు మీద కూడా నా చెయ్యి ఓడ తాళ్ళే గీస్తోంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

చేపలు తెచ్చిన చిట్టమ్మ గంప గుమ్మంలో దించి కాన్వాసు ముందు నిలబడిపోయింది. పదేళ్లుగా మాకు చేపలిస్తోంది, నా గదిలోకి రావడం ఇదే మొదలు. ఆ ఖాళీ మూల చూపించి అడిగింది. "ఏటి టీచరమ్మా, సముద్రం మీద అంత సప్పుడవుతంటే సూడ్డానికి ఒడ్డుకి ఒక్కలూ రాలేదా? మావోలంతా ఎటెల్లిపోనారు?"

పొగలో ఉన్నారు అన్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

20 ఫిబ్రవరి

సముద్రానికి రెండు వీధుల దూరంలో పుట్టాను. సముద్రం మీంచి మా ఊరెలా ఉంటుందో తెలియదు. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాయి.

25 ఫిబ్రవరి, ఆదివారం

వెళ్లాను!

నన్ను పడవలో తీసుకెళ్ళడానికి చిట్టమ్మ వాళ్లాయన సూరన్న ముందు ఒప్పుకోలేదట. ఆడవాళ్లు చేపల వేటకి రాకూడదన్నాడట. వేటకి కాదు కదా అని చిట్టమ్మ వాదించింది. చివరికి, "వల సిరిగింది, ఈయేల నాను ఏటకి ఎల్లట్లేదు, సరే రమ్మను" అన్నాడట. తెల్లారగానే పడవెక్కాం. బుర్ఖా నడుముకి బిగించి కట్టింది చిట్టమ్మ. అలలు దాటేసరికి నేను మూడుసార్లు వాంతి చేసుకున్నాను. సూరన్న అటు తిరిగి తెడ్డు వేస్తూనే ఉన్నాడు, పాపం.

ఆ తర్వాత తలెత్తి చూశాను. డాల్ఫిన్స్ నోస్ కొండ అంత పెద్దదని తెలియదు. దాని పక్కన మా వన్ టౌన్ మొత్తం అరచేతిలో పట్టేటట్టుంది. మా ఇల్లు కనబడలేదు, స్కూలు కనబడలేదు. ఇసక మీద మాత్రం మనుషులు కనబడ్డారు. మొహాల్లేవు, చీరల రంగులే. పడవలు ఎప్పుడొస్తాయా అని నిలబడ్డ ఆడవాళ్లు.

స్కెచ్ పుస్తకం తడిసిపోయింది. అవసరం పడలేదు.

4 మార్చి

కొండ పెట్టాను. లైట్‌హౌస్ తీసేశాను, అప్పటికి లేదని పైలట్ గారు ముందే చెప్పారు. ఇసక మీద ఆడవాళ్లని పెట్టాను. పదిహేనుమంది, ఒక్కొక్కరూ గోరంత. ఇంత సంతోషంగా ఏ పనీ చేయలేదు.

18 మార్చి

పైలట్ గారు వచ్చి చూశారు. ఓడల్ని చూసి తల ఊపారు. మూల దగ్గరికొచ్చి ఆగిపోయారు. ఇది మీ సొంత కథ, నేనడిగింది నకలు, అన్నారు. అక్కడ చిరిగిపోయింది కదండీ, ఏముందో ఎవరికి తెలుసు అన్నాను. తెలియకే పొగ గీయమన్నాను, కాదంటే తెలిసేదాకా ఆగాలమ్మా అని వెళ్లిపోయారు. భాయ్ అన్నం తినలేదు. మాట ఇచ్చింది తను కదా.

19 మార్చి

కాన్వాసు గోడవైపు తిప్పేశాను.

7 ఏప్రిల్

పైలట్ గారు మళ్ళీ వచ్చారు. కలకత్తాలో తెలిసిన కెప్టెన్ ద్వారా అదే ప్రింటు ఇంకొకటి సంపాదించారు. చిరుగు లేదు. మూల వైపు చూశాను.

పొగ. ఒట్టి పొగ.

నాకు చెవులు వేడెక్కాయి. నకలంటే నకలే. రేపు సరిచేస్తానని చెప్పాను.

8 ఏప్రిల్, ఆదివారం

తెలుపులో కాస్త నలుపు, చిటికెడు పసుపు. కుడి అంచు నుంచి పొగ వేసుకుంటూ వచ్చాను. పైలట్ గారు వెనక కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. ఇసక మీది ఆడవాళ్లు ఒక్కొక్కరే పొగలోకి వెళ్లిపోయారు. అనుకున్నంత బాధ కలగలేదు. లోపల ఉన్నారు కదా అనిపించింది. పదమూడో మనిషి కూడా పోయాక ఆయన లేచి, "ఆగండమ్మా" అన్నారు.

ఇక ఆయనే చెప్పారు. చలికాలం పొద్దుట మంచు కమ్మేస్తే ఓడ మీంచి కొండ కూడా కనబడేది కాదట. మంచు విడుతుంటే ముందు ఎక్కడో ఒక ఎర్రచీర, ఒక పచ్చచీర. అదిగో ఒడ్డు, అనుకునేవారట. ముప్ఫయ్యేళ్లలో ఈ మాట ఎవరికీ చెప్పలేదట. చెప్పేంత విషయమని తోచలేదన్నారు. కాన్వాసు మీద మిగిలిన ఇద్దరివీ ఎర్రచీరా, పచ్చచీరే.

"ఆ ఇద్దర్నీ వదిలేయండి. పొగ కొంచెం పలచబడిందనుకుందాం."

బ్రష్ కడిగేశాను. భాయ్ టీ పెట్టించాడు. ముగ్గురం బొమ్మ ముందే కూర్చుని తాగాం.

22 ఏప్రిల్

పైలట్ గారింట్లో గోడకెక్కిన బొమ్మని చిట్టమ్మ చూసొచ్చింది. ఆ ఇద్దరిలో ఎర్రచీర తనేనట. పచ్చచీర నేనట. నేనలా అనుకుని గీయలేదు. కాదని కూడా అనలేదు.