జీపు కిటికీలకు నల్ల రంగు

కేసముద్రం, వైశాఖం, శుక్రవారం

చేతులకింకా కిరోసిన్ వాసన పోలేదు. "కోడలి మొకం బజార్ల అందరికి కనబడ్తున్నది" అని అత్తమ్మ అన్నదే ఆలస్యం, ఈయన నిన్న జీపు గుడ్డ టాపుకున్న ప్లాస్టిక్ కిటికీలు విప్పి వాకిట్లో పరిచారు. గేటుకు వేయగా మిగిలిన నల్ల పెయింటులో కిరోసిన్ కలిపి పూశారు. డబ్బా పట్టుకుని నిలబడ్డది నేను. ఆరేసరికి ప్లాస్టిక్ అప్పడంలా ముడుచుకుపోయింది. అయినా ఈయనకు అదొక ఘనకార్యం.

ఇవాళ ఆ జీపులోనే తొర్రూరు పెళ్లికి వెళ్లాం. ఎప్పుడూ మా వైపు తల తిప్పనివాళ్లు రైలు గేటు దగ్గర చుట్టూ మూగారు. "లోపల పెండ్లిపిల్లనా, పేషెంటా?" అని ఒకావిడ కిటికీకి ముక్కు ఆనించి మరీ అడిగింది.

"చూసినవా, ఇగ ఎవ్వలకు ఏం కనబడది" అన్నారీయన.

"నాకు గూడ ఏం కనబడ్తలేదు."

"నువ్వేం చూడాలె?"

తొర్రూరు దారిలోనే, నెల్లికుదురులో మా నాయిన కొట్టు రోడ్డు మీదే ఉంది. ఈయన అక్కడ ఎప్పుడూ ఆపరు. జీపు చప్పుడు వినగానే నాయిన తక్కెడ వదిలి అరుగు మీదికొచ్చి నిలబడతాడు. నేను చేయి ఊపుతాను. మేము కలుసుకోవడమంటే అంతే. ఇవాళ ఆ ఊరు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియలేదు. పాపం, ఆ నల్ల కిటికీకే చేయి ఊపి ఉంటాడు.

తిరిగొచ్చాక, అత్తమ్మ స్నానానికి పోయినప్పుడు జీపెక్కి, వెనక సీట్లో నేను కూర్చునే వైపు కిటికీని జడపిన్నుతో గీకాను. రూపాయి బిళ్లంత రంగు లేచింది. నా కన్నుకైతే చాలు. కాని నాయినకు నా చేయి కనబడాలి కదా.

రేపు ఇంకా గీకాలి.