తలకిందులైన అంతోనివారు

దల్వా,

ఆదివారం నువ్వు ఫోన్లో ఆశీర్వాదం అడిగితే, లైను సరిగా లేదని పెట్టేశాను. లైను బాగానే ఉంది.

ఒకప్పుడు మనల్ని ఏలిన పోర్చుగీసువాళ్లే మన బ్రెజిల్ సైనిక విమానాలు కొని, నడపడం నేర్పమని నిన్ను లిస్బన్ పిలిచారు. "అక్కా, నేను క్లాసులోకి రాగానే ఆఫీసర్లంతా లేచి నిలబడతారట!" అని నవ్వావు. అదే ఊళ్లో ఒక కెప్టెన్ ఇంట్లో నేను ఆరేళ్లు అంట్లు తోమాను. ఆయన తల్లి నన్ను ఒక్కనాడూ పేరుపెట్టి పిలవలేదు. "ఏయ్ బ్రెజిల్, కాఫీ తే!" అనేది. నాకు కుళ్లు పుట్టింది, చెల్లీ.

పెళ్లి కుదరాలని మన ఆడపిల్లలు చేసినట్టే, పునీత అంతోనివారి బొమ్మను బియ్యం డబ్బాలో తలకిందులుగా పెట్టాను. "మా చెల్లి ప్రయాణం ఆగేదాకా ఇలాగే ఉండండి స్వామీ" అన్నాను. నాలుగు రోజులు ఉంచాను. ఇవాళ జపమాల చెబుతుంటే గుర్తొచ్చింది, ఆయన పుట్టిందీ లిస్బన్‌లోనే. తన ఊరికి వచ్చే పిల్లను ఆయనెందుకు ఆపుతారు? సిగ్గేసి, బియ్యం దులిపి నిలబెట్టాను.

అసూయ మాత్రం పోలేదు. అది పోయేదాకా ఆగితే నీ విమానం వెళ్లిపోతుంది. అందుకే అది ఉండగానే ఆశీర్వదిస్తున్నాను. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ పెద్దక్క