డప్పు మోగని అంగడి

తహసీల్దారు గారికి, పట్టణ కమిటీ గుమాస్తా నమస్కరించి చేసుకునే మనవి.

అంగడి ఎందుకు పడిపోయిందని తమరు అడిగారు. జనం రాక కాదు. ప్రతి మంగళవారం వందల మంది వస్తున్నారు. గంపల మీది గుడ్డ తీయకుండా, తల వంచుకుని పొద్దుగూకేదాకా కూర్చుని, లేచి వెళ్లిపోతున్నారు. చంకలోని పసిపిల్లలు కూడా ఏడవడం లేదు. బేరాల్లేక దుకాణాలు మూతపడ్డాయి, హమాలీలు వలసపోతున్నారు.

ఈ ఏడు ఖర్చుల తగ్గింపులో అంగడి మొదలైందని డప్పు కొట్టి చాటే కురుమయ్య కొలువు తీసేశాం. ఆ కాగితం రాసింది నేనే. డప్పుకు బదులు అంగడి వేళలు రాసిన ఇంకో కాగితం గోడకు అంటించాం.

మర్రిగూడ నుంచి మిరపకాయలు తెచ్చే సుక్కమ్మను అడిగాను. "రజాకార్లు ఊళ్లె ఉన్ననాడు కురుమయ్య డప్పు కొట్టకపోయేటోడు అయ్యా. డప్పు మోగకుంటే గంప ఇప్పొద్దు, నోరు మెదపొద్దు. గట్లనే బతికినం" అన్నది.

రజాకార్లు పోయి ఏడాదైందన్నాను.

"మరి డప్పేది?" అన్నది.

వేరే మనిషితో కొట్టించాం. అది కురుమయ్య చెయ్యి కాదని ఎవరూ కదలలేదు. అతను భార్యతో ఊరు వదిలి ఎటు పోయాడో తెలియదు. దయచేసి వెతికించి, కొలువు తిరిగి ఇప్పించండి.

త్వరగా కానివ్వండి. మొన్న మంగళవారం నేను ఆఫీసు తలుపుకు గడియ వేసుకుని, బల్ల కింద తల వంచుకుని కూర్చుండిపోయాను. సాయంత్రం జవాను తలుపు తట్టేదాకా నాకే తెలియలేదు.

తమ విధేయుడు.