బీరువా వెనక కేబులు చుట్ట

అక్కా, ఇక్కడ అంతా కులాసా. పని మానేసి వచ్చేస్తానని పోయిన కార్డులో రాశాను కదా, ఇక రావడం లేదు.

మా అణు గడియారాన్నీ, ఎక్కడో దూరాన ఉన్న మరో ప్రయోగశాల గడియారాన్నీ రెండు రకాలుగా పోల్చి చూస్తాం. నా పద్ధతిలో రెండుచోట్లా ఒకే ఉపగ్రహాన్ని వింటాం. రెండోదానిలో ఉపగ్రహం మీదుగా ఒకరికొకరు సంకేతాలు పంపుకుంటాం. జవాబు ఒకటే రావాలి. నాది ముప్ఫై నానోసెకన్లు తేడా వచ్చింది. నెల రోజులు నా లెక్కల్నే తప్పుబట్టుకున్నాను.

నిన్న బీరువా జరిపితే వెనక కేబులు చుట్ట కనిపించింది. ఉపగ్రహాన్ని వినే మా యాంటెనాకి కేబులు మార్చిన మెకానిక్‌ని అడిగితే, "ఆరు మీటర్లు ఎక్కువైందమ్మా. మంచి వైరు, కొయ్యడానికి చేతులు రాలేదు" అన్నాడు. నాకు లెక్కకి ఇచ్చిన పొడవు పాత కేబులుది. సంకేతం ఆ చుట్టంతా తిరిగి రావడానికి పట్టే సమయమే ఆ తేడా! మా ప్రయోగశాల పెద్దాయన ఒకటే నవ్వు. "నీమీద నీకున్న అనుమానంలో సగం ఆ వైరు మీద పెట్టుంటే ఈపాటికి రిపోర్టు అచ్చయ్యేది కదమ్మా!"

అమ్మ కళ్ళద్దాలు మార్పించావా? నేను మానేస్తానన్న సంగతి ఆవిడకి చెప్పకపోతే ఇక చెప్పకు. ఎవరైనా ఇటు వస్తుంటే నా ఉన్ని శాలువా పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

వచ్చే వారం పక్కగదిలో కొలతలు మొదలుపెడతాం. అక్కడా తేడా వస్తే ముందు టేపు పట్టుకుని కేబులు కొలుస్తాను. నన్ను నేను అనుమానించుకోవడం ఆ తర్వాతే.

నీ చెల్లి