నాన్న వేసిన అమెరికా తండ్రి వేషం

కుందలహళ్ళి,
బుధవారం.

అన్నకు హేమ నమస్కారాలు.

ఇక్కడ నేనూ నాన్నా బాగున్నాం. నువ్వు, వదిన, చిన్నోడు బాగున్నారనుకుంటాను. చిన్నోడికి పళ్ళు వస్తున్నాయని వదిన చెప్పింది. జ్వరం తగ్గిందా? ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్లో నాన్న పేరెత్తగానే "చిన్నోడు ఏడుస్తున్నాడు" అని పెట్టేస్తావు. వాడు అంత ఏడ్చే పిల్లవాడు కాదని నాకు తెలుసు. ఉత్తరమైతే కనీసం చించే ముందు చదువుతావు.

ముందు నా సంగతులు. ఆఫీసు మామూలే. సాయంత్రమైతే వాన, వాన వస్తే రోడ్డు మీద నీళ్ళు, నీళ్ళు వస్తే నేను ఇంటికి చేరేసరికి చీకటి. హోటళ్ళలో సాంబారు ఇంకా తియ్యగానే ఉంది, నాకు మాత్రం అలవాటైపోయింది. వేళకు తింటున్నాను, బెంగ పెట్టుకోవద్దు. ఇదివరకు ఆదివారాలు ఒంటరిగా అనిపించేవి. నాన్న వచ్చాక ఆ మాట అనే వీలు లేదు.

తెల్లవారగానే, ఇంకా ఊళ్ళో స్టేజి మీదే ఉన్నట్టు, మేడ మీదికెక్కి నాటకం పద్యం ఎత్తుకుంటాడు. మా ఇంటి ఓనరు మునిరత్నమ్మ ఒకరోజు నన్ను మెట్ల దగ్గర ఆపింది. "అమ్మణ్ణీ, మీ నాయన గొంతు వర్తూరు దాకా వినబడతా ఉండాది. ఆయప్పకు ఏదన్నా పని చూడు. లేకుంటే నేనే ఇల్లు ఖాళీ చేసి పోవల్ల" అంది. ఓనరే ఖాళీ చేస్తాననడం నేను ఎక్కడా వినలేదు.

అందుకని నాన్నను మా నాటకాల గుంపు దగ్గరికి తీసుకెళ్ళాను. శని, ఆదివారాల్లో కలిసే ఆఫీసుల వాళ్ళం, అంతా తెలుగువాళ్ళమే. డైరెక్టరు నందిని. అమెరికా నాటకాల మీద పెద్ద చదువు చదివింది. అదే పద్ధతిలో తనే ఒక నాటకం తెలుగులో రాసింది. అమెరికాలో ఒక ఇల్లు. తండ్రి ఒకప్పటి బాక్సరు. తన కండబలం మీదే సంసారం నడిచిందని కొడుకులకు చెబుతుంటాడు. నడిపింది మాత్రం లాండ్రీలో బట్టలు ఉతికిన భార్య. ఆమె పోయాక కథ మొదలవుతుంది. నందిని నాన్న గొంతు వినగానే తండ్రి వేషం ఇచ్చేసింది.

నాన్నకు కథ నచ్చలేదు. "రాజ్యం లేదు, యుద్ధం లేదు, సోఫా ఒకటుండాది. దీనికోసరం కొట్లాడుకుంటారా?" అన్నాడు. "యుద్ధమంతా ఆ సోఫా మీదే అంకుల్" అంది నందిని. మొదటి రిహార్సల్లో నాన్న రొమ్ము విరుచుకుని, నేల అదిరేలా అడుగులేస్తూ వచ్చాడు. "అంకుల్, మీరు ఇంట్లోకి వస్తున్నారు, సభలోకి కాదు" అంది. "మా ఇంట్లోకీ నేను ఇట్లే వచ్చేది" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. నేను పుస్తకంలో తల దూర్చి నవ్వు ఆపుకున్నాను. నాకు ఇచ్చిన పని ప్రాంప్టింగ్, పుస్తకం చూసి మాట అందించడం.

ఒకరోజు టీ తాగుతూ నందిని చెప్పింది: ఈ నాటకాల్లో తండ్రులు ఊరివాళ్ళకు అబద్ధం చెప్పరట. తమ గురించి తామే ఒక కథ అల్లుకుంటారట. ఇంట్లో అందరూ ఆ కథలో వేషం కట్టాలి. ఒకనాడు కొడుకు నా వల్ల కాదని వేషం తీసేస్తాడు. నాటకమంటే అంతేనట.

చిన్నోడి అన్నప్రాసన నాడు జరిగింది మళ్ళీ రాయడం నాకూ ఇష్టం లేదు. నువ్వు షాపు మూసి పిల్లవాణ్ణి చూసుకుంటున్నావని, వదిన బ్యాంకు జీతంతో ఇల్లు గడుస్తోందని, బంధువులందరి ముందూ నాన్న "పెళ్ళాం సంపాదన తిని కూర్చునేవాడు మగాడా" అన్నాడు. నువ్వు అక్షతలు కింద పెట్టి, "నువ్వు తిన్నది ఎవరి సంపాదన? అమ్మ పోయేదాకా కుట్టు మిషన్ తొక్కింది, నువ్వు రాజు వేషాలు కట్టావు" అన్నావు. ఆ సాయంత్రమే ఆయన నాతో బెంగళూరు బస్సెక్కాడు. నువ్వు ఆపలేదు, ఆయన వెనక్కి చూడలేదు. మధ్యలో ఆయన సంచి మోసుకుంటూ నేను. ఎవరిది తప్పని నన్ను ఎవరూ అడగలేదు, అదొక సుఖం.

ఇంతకీ చివరి సీనులో కొడుకు "ఒక్కసారి నిజం చెప్పు నాన్నా" అంటాడు. తండ్రి "ఈ ఇంట్లో నేను తిన్న ప్రతి ముద్దా మీ అమ్మ కష్టమే" అనాలి. రిహార్సల్లో నాన్న ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. దగ్గు వచ్చేది, దాహం వేసేది, మాట మరిచిపోయేవాడు. వందల పద్యాలు నోటికి వచ్చిన మనిషి! ఇంటికి వచ్చాక అడిగితే, "అది మగోడు అనే మాట కాదు పాపా, జనం నవ్వుతారు" అన్నాడు. నందిని విసుగెత్తి, "వద్దులే అంకుల్, ఆ మాట తీసేద్దాం" అంది. నాన్నే "తీయొద్దు" అన్నాడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వర్తూరు దగ్గర ఒక స్కూలు హాల్లో నాటకం. మునిరత్నమ్మ దేవనహళ్ళి చుట్టాలందరినీ వెంటబెట్టుకొచ్చి ముందు వరసల్లో కూర్చోబెట్టింది. పద్యనాటకాలు తప్ప మరొకటి చూడని పెద్దవాళ్ళు. కిరీటం ఎప్పుడు పెట్టుకుంటాడని ఒకాయన పైకే అడిగాడు.

చివరి సీను వచ్చింది. కొడుకు వేషం వేసిన కుర్రాడు అడగాల్సింది అడిగాడు. నాన్న మాట్లాడలేదు. నేను పక్క తెర వెనక నుంచి మాట అందించబోతే, నావైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. సోఫా అంచున కూర్చున్నాడు. నేనెన్నడూ వినని చిన్న గొంతుతో, "ఈ ఇంట్లో నేను తిన్న ప్రతి ముద్దా మీ అమ్మ కష్టమే. నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. రాత్రి మిషన్ చప్పుడు ఆగితే నాకు భయమేసేది" అన్నాడు.

అన్నా, నాటకంలో ఆవిడ లాండ్రీలో పనిచేస్తుంది. పుస్తకంలో మిషన్ లేదు. నేను పేజీ తిప్పడం మరిచిపోయి ఏడ్చాను.

అంతలో ముందు వరసల్లో పెద్దవాళ్ళు ఈలలేసి "వన్స్ మోర్! వన్స్ మోర్!" అన్నారు. పద్యం బాగుంటే అడగడం వాళ్ళకు అలవాటు, ఇది పద్యం కాదని వాళ్ళకేం తెలుసు? నందిని తల పట్టుకుంది. వన్స్ మోర్ అంటే నాన్న ఏం చేస్తాడో నీకు చెప్పాలా? చచ్చిపడిపోయిన వేషంలో కూడా లేచి నిలబడి పాడిన మనిషి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు పాడినవాడు. లేచాడు. చేతులు జోడించి, "లేదప్పా. ఇది ఒకసారికే" అన్నాడు. మళ్ళీ కూర్చున్నాడు. తెర దించేశారు.

మరునాడు పొద్దున మేడ మీద పద్యం వినబడలేదు. వెళ్ళి చూస్తే పిట్టగోడ మీద చేతులు ఆనించి నిలబడి ఉన్నాడు. "వాడిని నలుగురిలో అంటిని, అందుకే నలుగురిలోనే చెప్పినా" అన్నాడు. "ఆ నలుగురిలో అన్న లేడు కదా నాన్నా" అన్నాను. "నువ్వు రాయి పాపా. ఫోనైతే నేను మళ్ళీ గొంతు పెంచుతా" అన్నాడు.

అందుకని రాశాను. చూసింది చూసినట్టు రాశాను, నా సొంతం ఒక్క మాట కలపలేదు. ఆయన మారిపోయాడని అననుగాక అనను, నిన్న కూడా నా పెరుగన్నంలో ఉప్పు ఎక్కువైందని కంచం జరిపాడు. నిన్ను రమ్మని కూడా అడగడం లేదు. చిన్నోడి ఫోటో ఒకటి మాత్రం పంపు, పళ్ళు కనబడేలా.

వదినకు నమస్కారాలు, చిన్నోడికి ముద్దులు. పిన్నినీ బాబాయినీ అడిగానని చెప్పు. నీ ఆశీస్సులు నాకు ఎప్పుడూ కావాలి. జవాబు రాస్తే నాకు రాయవద్దు, పైన ఆయన పేరు పెట్టి రాయి.

నీ చెల్లెలు,
హేమ