మూడో ఫాస్ట్ బౌలర్

మార్చి 3, మంగళవారం

క్లబ్‌కి యాభై ఏళ్ళట. ఆల్‌టైమ్ టీమ్ ఒకటి ఎంచి, ఆ పేర్లు పెవిలియన్ గోడ మీద రాయిస్తారట. బ్యాట్స్‌మెన్, స్పిన్నర్లు, కీపర్ అయిపోయారు. ఫాస్ట్ బౌలర్లు ముగ్గురిని తేల్చడానికి కమిటీ వేశారు. సెక్రటరీ, మా ఆయన, నేను. ఫోటోలో ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని నన్ను వేశామని సెక్రటరీ మొహం మీదే చెప్పాడు. పోనీలే, అబద్ధం చెప్పలేదు.

రూల్ చదివాను. క్లబ్ తరఫున ఆడినవాళ్ళు ఎవరైనా సరే. ఎవరైనా! మగవాళ్ళు అని రాయలేదు. మర్చిపోయి కాదు. రాయాల్సిన అవసరం వస్తుందని వాళ్ళ బుర్రకి తట్టలేదు. లేడీస్ టీమ్‌కి పదకొండేళ్ళు కొత్త బంతి నాదే.

మార్చి 8, ఆదివారం

మొదటి ఇద్దరి దగ్గర పేచీ లేదు. ఇంజన్ అని పిలిచే పాత లారీ డ్రైవర్ ఒకడు. ఆయన రనప్ మొదలుపెడితే అవతల బౌండరీ దగ్గర సైకిళ్ళు తీసేసేవాళ్ళు. రెండోవాడు దర్జీ. పగలంతా మిషన్ తొక్కి, సాయంత్రం బంతిని ఎటు కావాలంటే అటు తిప్పేవాడు.

మూడోదానికి సెక్రటరీ మా ఆయన పేరు చెప్పాడు. మా ఆయన కొత్త పెళ్ళికొడుకులా నేల చూశాడు. నేను నా పేరు చెప్పాను.

సెక్రటరీ నవ్వాడు. ఆ పై పళ్ళ సెట్టు నేను చేసిందే, భలే కుదిరింది. ఇరవై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల డెంటిస్టులందరికీ పళ్ళు చేసిచ్చేది నేనే. తన పేరు తనే చెప్పుకుంటే సొంత డబ్బాలా ఉంటుందేమోనమ్మా అన్నాడు. అవును, సొంత డబ్బానే. పక్కవాళ్ళు కొడతారని ఇన్నాళ్ళూ చూశాను. ఒక్కడికీ తీరిక లేదు.

ఎవరి గురించి మాట్లాడుతుంటే వాళ్ళూ, వాళ్ళ చుట్టాలూ గదిలో ఉండకూడదని రూలు. ఇద్దరం బయటికి వచ్చాం. లోపల కమిటీ అంటే సెక్రటరీ ఒక్కడే. వరండాలో విరిగిన స్టంపుల పక్కన నేనూ మా ఆయనా, పరీక్ష తప్పిన పిల్లల్లా నిలబడ్డాం. మొగుడూ పెళ్ళాం పోటీ పడితే జనం నవ్వరా అన్నాడు. నవ్వితే నవ్వనివ్వండి, పళ్ళు నేనే కదా చేసింది అన్నాను.

కాసేపటికి సెక్రటరీ వచ్చి, మీరిద్దరూ ఇంటికెళ్ళి మాట్లాడుకుని ఒక పేరు చెప్పండి అన్నాడు. గోడమీది పిల్లి!

మార్చి 9, సోమవారం

ఎవరి అన్నం వాళ్ళం వడ్డించుకున్నాం.

మార్చి 11, బుధవారం

పనిలో మనసు లేదు. ఒక పళ్ళ అచ్చు చేతిలోనే పగిలింది. మళ్ళీ ప్లాస్టర్ కలిపాను.

సాయంత్రం మా ఆయన బస్ డిపో నుంచి వచ్చి, పెరట్లో సింకు దగ్గర చేతుల గ్రీజు తోముకుంటూ, నావైపు తిరగకుండానే మాట్లాడాడు. ఎవరు ఫాస్టో నాకు తెలీదా, మనింట్లో తెలిస్తే చాలదా అన్నాడు.

చాలదు. ఈ మాట కోసం పెళ్ళైన దగ్గర్నుంచీ చూశాను. చివరికి సింకులోకి చూస్తూ చెప్పాడు! పెద్ద మ్యాచ్ ఉందంటే నన్నే నెట్స్‌కి పిలిచేవాళ్ళు. స్పీడ్ అలవాటవుతుందని. వారమంతా మగాళ్ళకి బౌలింగ్ వేసేదాన్ని. మ్యాచ్ రోజు బౌండరీ తాడు అవతల నిలబడి చూసేదాన్ని. అదే మాట ఆ గదిలో చెప్పండి అన్నాను. టవల్ ఎక్కడ అన్నాడు.

ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపే, ఇంకేం కాదు. వంటింట్లోంచి అత్తయ్య అంతా విన్నది. వాడి బంతా, చిన్నప్పుడు చీపురుతో ఆపేదాన్ని అంది. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

మార్చి 15, ఆదివారం

నేను నా పేరు పంపాను. ఆయన ఆయన పేరు పంపాడు. సెక్రటరీ తల పట్టుకున్నాడట. వచ్చే ఆదివారం సభ్యులందరి ముందూ పెడతాడట. పెట్టనీ.

మార్చి 22, ఆదివారం

హాలు నిండా జనం. ఆడవాళ్ళ బంతి తేలిక కదా, స్పీడ్ ఎలా చెప్తాం అని ఒకడు లేచాడు. నెట్స్‌లో వేసింది మీ బంతేగా అన్నాను. సాక్ష్యం ఎవరని అడిగాడు. నా బంతికి కళ్ళు మూసుకున్న పెద్దమనుషులు నలుగురైదుగురు ముందు వరసలోనే ఉన్నారు. అందరికీ ఒక్కసారిగా పైనున్న ఫ్యాన్ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

అప్పుడు మా ఆయన లేచాడు. గొంతు సవరించుకున్నాడు. ఆమె బౌలింగ్‌కి నేను హెల్మెట్ పెట్టుకునేవాణ్ణి, నా బౌలింగ్‌కి ఎవరూ పెట్టుకోలేదు అన్నాడు. నా పేరు కొట్టేయండి అని కూర్చున్నాడు.

హాలంతా నవ్వులు. నా పేరే ఖాయం చేసి చప్పట్లు కొట్టారు. ఎంత ఆనందమేసిందో రాయడం రావడం లేదు.

అంతలో సెక్రటరీ మైకు తీసుకుని, భార్య కోసం చోటు త్యాగం చేసిన పెద్దమనసు అన్నాడు. నాకు కొట్టినదానికి మూడింతలు చప్పట్లు ఆ త్యాగానికి కొట్టారు.

మార్చి 24, మంగళవారం

ఫోన్లే ఫోన్లు, అన్నీ ఆయనకే. మీలాంటి భర్త దొరకాలండీ అని ఒకటే పొగడ్త. ఆయనేమో, అబ్బే, ఎంతమాట అంటూ ఇల్లంతా తిరుగుతున్నాడు.

మీరిచ్చారా, నేను గెలిచానా అని అడిగాను. ఏదైతేనేం, నీ పేరు వచ్చింది కదా అన్నాడు. ఒళ్ళు మండింది. మీది కానిది మీరెలా దానం చేస్తారండీ అన్నాను. ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఆయన ఎత్తలేదు.

మార్చి 29, ఆదివారం

గోడ చూసొచ్చాను. తెల్ల సున్నం మీద నీలం రంగు అక్షరాలు. ఇంజన్, దర్జీ, కింద నేను. నా పేరు కింద బ్రాకెట్లో మా ఆయన పేరు, పక్కన 'గారి భార్య'.

ఇంకెవరికీ బ్రాకెట్ లేదు. దర్జీ కింద, ఫలానా ఆవిడ మొగుడు అని లేదు. సెక్రటరీని అడిగితే, గౌరవం కోసమేనమ్మా, ఫంక్షన్ అయ్యాక చూద్దాం అన్నాడు. నేను చేసిన పళ్ళతోనే! చూద్దాం అంటే చూడరని చంటిపిల్లకి కూడా తెలుసు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. టీ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత అటక ఎక్కాడు.

ఏప్రిల్ 5, ఆదివారం, ఉదయం 7

ఫంక్షన్ పదింటికి. మేం తెల్లారగానే వెళ్ళాం. గ్రౌండ్‌లో ఎవరూ లేరు. అటక మీద నుంచి దించిన పాత బంతులు ఆయన సంచిలో. గోడ నుంచి ఇరవై రెండు గజాలు ఆయనే కొలిచాడు.

నేను వేసిన మొదటి బంతులు ఎటో పోయాయి. భుజం చచ్చిపోతోంది. తర్వాత సున్నం పెచ్చుతో సహా 'భార్య' ఊడింది. కాసేపటికి 'గారి'. నా పేరు మీద గీత కూడా పడలేదు.

ఇక బ్రాకెట్లో ఆయన పేరొక్కటే మిగిలింది. ఆగి ఆయన వైపు చూశాను.

ఆయన వెళ్ళి బంతి ఏరుకొచ్చి, చొక్కాకేసి బాగా రుద్ది, నా చేతిలో పెట్టాడు.