నేల మీద ఎవరూ లేని రోజు

జూన్ 3
సెక్రటరీగారు పిలిచి ఆసుపత్రి చరిత్ర రాయమన్నారు. యాభై ఏళ్ల సావనీర్‌కి. నాలుగు పేజీలు చాలట. దూది, సూదులు లెక్కపెట్టుకునే స్టోర్స్ క్లర్క్‌ని, నన్నెందుకండీ అన్నాను. పాత రిజిస్టర్లు నీ గదిలోనే కదమ్మా ఉన్నాయి అన్నారు. ఎలుకలూ అక్కడే ఉన్నాయి. వాటిని అడగలేదు.

జూన్ 5
అమ్మని ఎముకల డాక్టరుకి చూపించాను. మోకాళ్లు అరిగిపోయాయట. ఇక నేల మీద పడుకోకూడదు, లేచేటప్పుడు పడితే తుంటి విరుగుతుంది, మళ్లీ నడవలేరు అన్నాడు.

వచ్చేదారిలో మంచం కొన్నాను. అమ్మ దాని మీద ఉతికిన బట్టలు మడతపెట్టి పెట్టింది. తను కింద చాప పరుచుకుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆమెని మంచం మీద చూడలేదు. నడుముకి నేలే మంచిదే అంటుంది. మొండిఘటం.

జూన్ 9, మధ్యాహ్నం
మొదటి ఏడాది రిజిస్టరు. ముట్టుకుంటే పొడి రాలుతోంది. కిటికీ ఎండలో ఆ పొడి తేలుతుంటే ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో తెలియదు.

అప్పట్లో ఈ పేటకి ఉన్నది ఒక్క హాలు, ఒక్క డాక్టరు. మంచాలు లేవు. జ్వరాల కాలంలో రోగుల్ని వరండాలో నేల మీద పడుకోబెట్టారు. తర్వాత, దానంగా వచ్చిన వస్తువుల పేజీ. ఇనప మంచాలు నలభై ఒకటి. ప్రతిదానికీ ఎదురుగా ఇంటి నంబరు. మొట్టమొదటి నంబరు మాది.

అదే రోజు, సాయంత్రం
అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. అడిగితే తలెత్తకుండానే చెప్పింది. మీ నాన్న ఆ వరండాలోనే పోయాడు, సిమెంటు నేల, చలికి వణికిపోయాడు అంది. నెల తిరక్కుండానే నన్ను పక్కింటి అత్తయ్యకి అప్పజెప్పి, ఇంట్లో ఉన్న ఒక్క మంచాన్నీ వీధిలో ఈడ్చుకుంటూ తీసుకెళ్లిందట. ఆ చప్పుడుకి అందరూ తలుపులు తీశారట. మర్నాడు వాళ్లూ మంచాలు మోసుకొచ్చారట.

అక్కడ నేల మీద ఒక్కరూ లేని రోజు నేనూ మంచం మీద పడుకుంటాననుకున్నానే అంది. ఇన్నాళ్లూ చెప్పలేదేం అంటే, ఎవరడిగారు అంది.

ఇరవై ఆరేళ్లుగా నేను డ్యూటీ నుంచి రాగానే, ఇవాళ అందరికీ మంచాలు దొరికాయా అని అడుగుతూనే ఉంది. ఊసుపోక అడుగుతోందనుకున్నాను. ఆ, ఏదోలే అని చెప్పులు విడిచేదాన్ని. ఏడుపొచ్చింది. ఉల్లిపాయల మీదికి నెట్టేశాను.

జూన్ 10
వరండాలో నేల మీద ఇద్దరు.

జూన్ 11
ఒకరు. పెద్ద సిస్టర్ని అడిగాను. ఈ వార్డుకి పర్మిషన్ నలభై మంచాలకే, ఇంకోటి వేస్తే ఇన్‌స్పెక్షన్‌లో రాస్తారు అంది. నేల మీద మనిషి ఉంటే రాయరట.

జూన్ 13
మధ్యాహ్నం స్టోర్లో కునుకు పట్టింది. మంచాలు వీధిలో నడిచొస్తున్నాయి. చప్పుడు లేదు. ఇంటింటి ముందూ ఆగి, తలుపు తీసేదాకా ఓపిగ్గా నిలబడుతున్నాయి. అన్నిటికంటే ముందు మాది. దాని మీద నాన్న కూర్చున్నాడు. మొహం కనపడలేదు. కనపడినా నాకు తెలియదు కదా.

జూన్ 16
అమ్మ లేవబోయి పడింది. గోడ దొరికింది కాబట్టి సరిపోయింది. మోచెయ్యి దోక్కుపోయింది. నోటికొచ్చినట్టు అరిచాను. ఎవరూ లేరని అబద్ధం చెప్తే ఆమెకెలా తెలుస్తుంది? రేపు చెప్పేస్తాను.

జూన్ 17
గుమ్మంలోనే నా మొహం చూసి, ఎంతమందే అంది. ముగ్గురు అన్నాను.

జూన్ 20
వార్డుకి చక్రాల మంచాలొచ్చాయి. అవీ నలభయ్యే. పాతవి తుక్కుకి అమ్మేస్తారట. వెనక షెడ్డులో ఒక్కోదాని కాలి మీద పెయింటు గీకి, కింద చెక్కిన ఇంటి నంబరు వెతుకుతూ కూర్చున్నాను. పదకొండోది మాది. తను ఇచ్చిన మంచమే ఎదురుగా ఉంటే అమ్మ కాదంటుందా?

ఇంటికి తీసుకెళ్తానంటే సెక్రటరీగారు సరేనన్నారు. చరిత్ర ఎంతవరకొచ్చింది అన్నారు. మంచాల దగ్గర ఆగిందండీ అన్నాను.

జూన్ 21, మూడు గంటలు
ట్రాలీ ఆటో గేటు దగ్గర ఉంది. వార్డ్ బాయ్, నేనూ మంచం పట్టుకుని వరండా దాటుతున్నాం. ఒక మనిషి నేల మీద పడుకుని ఉన్నాడు. తల కింద చెప్పులు. ఇవాళ కింద ఉన్నది అతనొక్కడే. ఆటో అతను హారన్ మీద హారన్.

దించెయ్యమన్నాను. పెద్ద సిస్టర్ వచ్చి చూసింది. లోపలికెళ్లి దుప్పటి తెచ్చి పరిచింది. అతన్ని లేపి మంచం మీద పడుకోబెట్టాం. ఆ మొహం వంక ఊరికే చూస్తూ నిలబడిపోయాను.

సాయంత్రం
ఎవరూ లేరమ్మా అన్నాను. మళ్లీ చెప్పు అంది. మళ్లీ చెప్పాను.

జూన్ 22, మధ్యాహ్నం
బట్టలు కుర్చీలోకి మారాయి. అమ్మ మంచం మీద నిద్రపోతోంది. గోడ వైపుకి బాగా జరిగి, రెండో పక్క ఇంకో మనిషికి సరిపడా ఖాళీగా వదిలింది. అక్కడ కూర్చోబోయి ఆగిపోయాను.